ఎత్తుకొచ్చిన గడియారం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు వేసవిలో నన్ను మార్కాపురం తాలూకాలోని ఒక స్టేషన్‌కు సబ్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఆ తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. నాది కృష్ణ ఒడ్డు. భాష ఒకటే కదా, ఇబ్బందేముంటుందనే ధీమాతో వెళ్లాను.

నాకు అప్పట్లో ఒక పిచ్చి ఉండేది. పోలీసు శిక్షణలో ఉండగా ఒక పై అధికారి చేతికి రెండు రంగుల స్విస్ గడియారం చూశాను. స్టీలు ఒళ్లు, చుట్టూ బంగారు రింగు. మధ్యలో పాలరంగు, అంచున తేనెరంగు. విదేశీ సరుకు దొరకడమే కష్టమైన రోజులవి. నాలుగేళ్లు వెతికినా అలాంటిది కంటబడలేదు. ఈ సంగతి స్టేషన్‌లో అందరికీ తెలుసు.

ఒకనాటి ఉదయం పలకల గనిలో పనిచేసే ఏసోబు స్టేషన్‌కు వచ్చాడు. గుడ్డమూట విప్పి బల్లమీద పెట్టాడు. అచ్చం అలాంటి గడియారమే!

"కొంటారేమోనని వచ్చినా అయ్యా. గనిలో దుమ్ముకు ఊరికే ఆగిపోతా ఉంది. ఇదమ్మి ఒక ఎద్దును తోలుకుంటా" అన్నాడు.

ఎక్కడిదని అడిగాను.

"మా తమ్ముడు దానియేలు మిలిటరీలో ఉండాడు గదా. సెలవుకు వచ్చినప్పుడు ఎత్తుకొచ్చినాడు."

"ఎత్తుకొచ్చాడా?"

"అవునయ్యా. నాకోసరమే ఎత్తుకొచ్చినాడు."

దొంగసొత్తని పోలీసు ముందే ఇంత నిబ్బరంగా ఎవడు చెబుతాడు? నా పిచ్చి తెలిసినవాళ్లెవరో నన్ను దొంగసొత్తు కేసులో ఇరికించడానికి పంపి ఉంటారనుకున్నాను. అనుమానం పెనుభూతం. ఒకసారి పట్టుకున్నాక అతను తలవంచుకోవడం, చేతులు నలుపుకోవడం అన్నీ సాక్ష్యాలే అయ్యాయి.

ఇద్దరు మధ్యవర్తులను పిలిపించి, పంచనామా రాయించి గడియారాన్ని స్వాధీనం చేసుకున్నాను. వాంగ్మూలాన్ని చెప్పినవాడి మాటల్లోనే రాయాలన్నది నియమం. నేను మాత్రం దాన్ని చక్కని భాషలోకి దిద్ది, "మిలిటరీ నుండి దొంగిలించి తెచ్చినాడు" అని రాశాను. దానియేలు పనిచేసే దళానికి పంపడానికి ఒక రిపోర్టు కూడా తయారు చేశాను.

అది చదివి వినిపించగానే ఏసోబు ముఖం పాలిపోయింది. "మావోని ఉద్యోగం పోతాది గదయ్యా! ఆ గడియారం మీరే పెట్టుకోండి, దుడ్లు వద్దు. కాయితం మాత్రం పంపొద్దండి" అని కాళ్లు పట్టుకోబోయాడు. లంచం కూడానా అనుకున్నాను. నా అనుమానం రూఢి అయింది.

స్టేషన్ రికార్డులన్నీ రాసే హెడ్ కానిస్టేబుల్‌ను రైటర్ అంటారు. మా రైటర్ మస్తాన్ గిద్దలూరు మనిషి. రిపోర్టుకు నకలు రాయబోతూ కలం ఆపాడు. నాకేసి చూసి, నీళ్లు పట్టే నాగమ్మను కేకేశాడు.

"నాగమ్మక్కా, సారుకు మంచినీళ్లు ఎత్తుకురా!"

ఆమె చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈ నీళ్లు నాగమ్మక్క ఎవురింట్లో దొంగిలించింది సార్?" అన్నాడు మస్తాన్, నవ్వు ఆపుకుంటూ. "మా పక్క ఎత్తుకురావడమంటే తేవడమే సార్. ఇంకేం లేదు."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అయినా అనుమానం పూర్తిగా వదల్లేదు. ఏసోబు మర్నాడు ఇంట్లోని రేకుపెట్టె నుంచి కలకత్తా దుకాణం రసీదు తెచ్చి చూపించాక గానీ రిపోర్టు చించలేదు. వాంగ్మూలంలో ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం చేసి, అతని మాట అతనిలాగే రాశాను. రసీదు రాయించుకుని గడియారం తిరిగి ఇచ్చేశాను.

నెల తర్వాత ఏసోబు మళ్లీ వచ్చాడు. మార్కాపురంలో, యర్రగొండపాలెంలో ఎంతమందికి చూపించినా, పోలీసులు పట్టిన గడియారం మాకొద్దన్నారట. దుక్కుల కాలం దగ్గర పడుతోంది. ఎద్దు లేదు.

"మీరు తప్ప కొనేవాళ్లు లేరయ్యా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే తలెత్తలేకపోయాను.

పై అధికారికి రాసి అనుమతి తెప్పించుకుని, అతను మొదట కోరుకున్నట్టే ఒక ఎద్దు ఖరీదు ఇచ్చి కొన్నాను. ఏసోబు గడియారాన్ని తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఎత్తుకొని పోండయ్యా."

అతను తన ఊరి మాట అన్నాడు. నేను మా ఊరి అర్థంలో విన్నాను.

ఆ తర్వాత పాతికేళ్ల సర్వీసులో ఎవరి వాంగ్మూలంలోనూ ఒక్క మాట దిద్దలేదు. గడియారం ఇప్పటికీ సరిగ్గానే నడుస్తోంది.