సాంచాల గల్లీ కింద

ఆ ఏడు నేను ఎక్కడా కుదురుగా లేను. జగిత్యాలలో కొన్నాళ్లు, కోరుట్లలో కొన్నాళ్లు, తర్వాత సిరిసిల్ల. డిప్లొమా అయ్యాక దొరికిన ఉద్యోగం అలాంటిది. రోడ్డు తవ్వకుండా, దాని కిందుగా ఇంటర్నెట్ కేబుల్‌కు గొట్టం వేయాలి. ఒక పక్కన చిన్న గుంత తీసి మిషన్ నిలబెడతారు. అది ఇనుప రాడ్డును ఏటవాలుగా నేలలోకి తోస్తుంది. ఒకదానికొకటి బిగించుకుంటూ పోతే ఆ రాడ్లే మెల్లగా వంగి, రోడ్డు కిందుగా పోయి, అవతలి గుంతలో పైకి తేలతాయి. మొన ఎక్కడుందో లొకేటర్ పట్టుకుని పైనుంచి కనిపెడుతూ నడవడం నా పని.

మొన ఒక పక్క చెక్కినట్టు ఉంటుంది. తిప్పుతూ తోస్తే తిన్నగా పోతుంది. తిప్పడం ఆపి తోస్తే చెక్కిన వైపు మట్టి ఒత్తి దాన్ని పక్కకు నెడుతుంది. అలా పైకో కిందికో మళ్లించుకోవచ్చు. మొన వెనక ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ పంపుతుంది, లొకేటర్ లోతు చూపిస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ కంటికి కనిపించని దాన్ని ఒక అంకెను నమ్ముకుని నడిపించడం, అదీ జనం వంటిళ్ల ముందు నుంచి! సాయంత్రం గదికి వచ్చాక కూడా కాళ్లు నిలిచేవి కావు. అన్నం ముందు కూర్చుని, లేచి, గుమ్మం దాకా వెళ్లి వచ్చేదాన్ని.

అలాంటప్పుడు బాపుకు ఫోన్ చేసేదాన్ని. బాపు, అంటే మా నాన్న, గల్ఫ్‌లో నూనె బావుల దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. డ్రిల్లింగ్‌కు కావలసిన బురద కలిపేవాడు. ఇప్పుడు మల్లాపూర్ దగ్గర పసుపు పంట వేస్తున్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో వచ్చి "మా బావులు వంకర పోతయి బిడ్డా" అంటే నేను పడీపడీ నవ్వేదాన్ని. ఇప్పుడు నేనే అడుగుతున్నాను.

"మొదట్ల బావి సక్కగనే దిగుతున్నదనుకున్నరట," అన్నాడు ఒకరోజు. "పక్కపక్క బావులు లోపట ఒకదాన్నొకటి తగిలినంక అనుమానమచ్చింది. గాజు సీసల యాసిడ్ పోసి కిందికి దించిండ్రు. యాసిడ్ గాజును తిని గీత పెడ్తది. సీస ఒరిగితే గా గీత గూడ ఏటవాలుగ పడ్తది కదా, గట్ల తెల్సింది."

"తెలిసినంక?"

"ఎట్లైన వంకర పోతున్నది, మనకు కావల్సిన దిక్కే వంచుదమనుకున్నరు. లోపట ఏటవాలు ఇనుప దిమ్మె పెట్టి మొనను పక్కకు జారిచ్చిండ్రు. తర్వాత మొన కాడనే పెట్టే మోటరచ్చింది. రాడ్లు తిరుగవు, మేం కొట్టే బురద జోరుకు మొన ఒక్కటే తిరుగుతది. మొన ఎటు పోతున్నదో లోపటి కబురు గూడ గా బురదలకెంచే వచ్చేది, ఒత్తిడి దెబ్బలు కొట్టుకుంట."

ఆ విద్యే నదుల కిందికి, రోడ్ల కిందికి చిన్నదై వచ్చిందన్నాడు బాపు. ఆ మాట విన్నాక నా మిషన్ మీద కాస్త గౌరవం పెరిగింది గానీ, గుబులు మాత్రం తగ్గలేదు.

సిరిసిల్లలో మా దారి మెయిన్ రోడ్డు దాటి సాంచాల గల్లీ మీదుగా పోవాలి. సాంచాలంటే మరమగ్గాలు. పొద్దంతా గల్లీ అదురుతూనే ఉంటుంది. రోడ్డు దాటేవరకు అంతా బాగానే ఉంది. షెడ్ల దగ్గరికి రాగానే లోతు అంకె ఎగరడం మొదలుపెట్టింది. ఒకసారి ఎక్కువ, మరుక్షణం తక్కువ.

మిషన్ నడిపే చాచాది కోరుట్ల. నిదానస్తుడు. "బేటీ, ఎంత లోతు? చెప్పు," అని అరిచాడు.

"ఆగు చాచా, అంకె నిలుస్తలేదు!"

అతను ఆపాడు. అప్పటికే ఆలస్యమైంది. షెడ్డు గడప పక్కన నేల చెమర్చి, బూడిదరంగు బురద బుడబుడా పైకి వచ్చింది. రంధ్రం కూలకుండా మేం లోపలికి కొట్టే బురద అది. మొన అనుకున్నదానికంటే పైకి వచ్చేసింది.

సాంచా నడిపే అక్క బయటికి ఉరికి వచ్చింది. నూలు కట్టలు ఎత్తి పక్కన పెడుతూ, "గిదేంది? మా ఇండ్ల కింద ఏం జేస్తున్నరు మీరు?" అంది.

నేనూ వంగి ఒక కట్ట అందుకున్నాను. చాచా పంపు కట్టేసి పార తెచ్చాడు. ముగ్గురం కలిసి బురద ఎత్తిపోశాం. నూలు తడవలేదు. చేతులు కడుక్కున్నాను.

బాపుకు ఫోన్ చేశాను. "మాకు గూడ గిట్లనే అయింది," అన్నాడు. " బావి దారి తప్పితే కింద సిమెంటు పోసి మూసి, మీదికెంచి పక్కకు కొత్త తొవ్వ తీసిండ్రు. రాడ్లు ఎన్కకు గుంజి మల్ల తొయ్యి. ఆ అంకె ఎందుకు ఎగిరిందో ముందు సూడు."

గల్లీలో అటూ ఇటూ తిరిగాను. సాంచాల మోటర్ల వరుస పక్కన నిలబడితే లొకేటర్ పిచ్చిపట్టినట్టు ఊగుతోంది. కరెంటే సిగ్నల్‌ను చెడగొడుతోంది.

అక్క దగ్గరికి వెళ్లాను. "అక్కా, మా మొన ఈ షెడ్లు దాటేదాక సాంచాలు ఆపుతరా?"

"రేపు గుడ్డ పోవాలె. ఎట్ల ఆపుతం?"

"ఆపకపోతే అది ఎక్కడున్నదో నాకు తెల్వది."

ఆమె నా ముఖంలోకి చూసింది. "బువ్వ తినే యాళ్లకు ఆపిస్త. అందరితోని నేను మాట్లాడుత."

మర్నాడు మధ్యాహ్నం ఒక్కో షెడ్డూ ఆగుతూ వచ్చింది. చాచా రాడ్లు వెనక్కి లాగి, ఇంకా లోతుగా కొత్త దారి పట్టించాడు. అంకె నిలిచింది. నేను చెబుతున్నాను, అతను తోస్తున్నాడు. అక్క గిన్నె పట్టుకుని నా పక్కనే నడుస్తూ తిన్నది.

"ఇప్పుడెక్కడున్నది?"

"మన కాళ్ల కిందనే."

ఆమె చటుక్కున పక్కకు జరిగింది. నాకు నవ్వు వచ్చింది, తనకూ వచ్చింది.

మొన అవతలి గుంతలో బురదతో పాటు పైకి తేలింది. మొన విప్పి, రాడ్డుకు రంధ్రాన్ని వెడల్పు చేసే పళ్లున్న కట్టర్ తగిలించి, దాని వెనకే గొట్టం కట్టి, మళ్లీ వెనక్కి లాక్కున్నాం. గొట్టం మొత్తం లోపలికి జారేసరికి సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. చాచా ఏదో అన్నాడు గానీ ఆ చప్పుడుకు వినిపించలేదు. తర్వాతి పని చందుర్తిలో. లొకేటర్ తుడిచి పెట్టెలో సర్దుతూ, అక్కడి నేల ఎలా ఉంటుందోనని అప్పుడే ఆలోచన మొదలుపెట్టాను.