బుద్రయ్య గడ్డి, నేను రాసిన రాత

నేను పంతులుగా ఉన్న బడి తోటమాలి కొర్రా బుద్రయ్య ఇక లేడు. పోయిన నెల ఒక సంత రోజున, పట్టపగలు, ఎడతెరిపి లేని వానలో బడి ముందరి ఏటవాలు జారి, దాని అడుగునున్న ఆయన గుడిసె మీద పడింది. మేకను విప్పడానికి లోపలికి వెళ్ళిన మనిషి బయటికి రాలేదు. ఊరంతా కలిసి మట్టి తవ్వి తీసేసరికి ప్రాణం లేదు. దుర్వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యానని రాయడం ఇటువంటి వ్యాసాలకు ఆచారం. నేను వినలేదు. బడి వరండాలో నిలబడి కళ్ళారా చూశాను.

పత్రికల్లో సంస్మరణలు పండితులకూ, జమీందారులకూ, దివానులకూ వేస్తారు. అరకు కొండల్లో ఒక తోటమాలికి ఎందుకని సంపాదకులు అడిగితే, చదివాక మీరే చెప్పండి అన్నాను. మరొక మాట. బతికి ఉన్నన్నాళ్ళూ ఆయన్ని 'ఒరే' అనే పిలిచాను. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. ఇప్పుడు 'ఆయన' అని రాస్తుంటే నా మర్యాద నాకే వెగటు పుట్టిస్తున్నది.

బడి మెట్లకు రెండు పక్కలా నేల వాలుగా దిగుతుంది. కుడివైపు ఆయన ధాతకీ పొదలు పెంచాడు, ఎడమవైపు, తన గుడిసె మీది వాలున, కొండచీపురు గడ్డి. మాఘ ఫాల్గుణాల్లో ధాతకి ఆకు రాల్చి కొమ్మ పొడుగునా ఎర్రని పూలు తొడుగుతుంది. వైద్యులు అరిష్టాలనే పులిసిన మందులలో వేసేది ఆ పువ్వే. మా బడి పిల్లలు మాత్రం తెంపి తేనె పీల్చుకునేవారు. గడ్డి తీరు వేరు. మనిషిని మించి పెరుగుతుంది. ఆకు వెదురాకును పోలి ఉంటుంది. పుష్యమాసంలో మెత్తని వెన్నులు తీసి గాలికి తలలూపుతుంది. ఆ వెన్నులు కోసి కట్టినవే మన ఇళ్ళలోని చీపుళ్ళు.

కొండదేశపు తోటలకు ఈ రెంటిలో ఏది మేలు? ఈ విషయం మీద ఇదే పత్రికకు ఒక వ్యాసం రాయాలని నాకు బుద్ధి పుట్టింది. బుద్రయ్యను అడిగాను. రెండు కడవల నీళ్ళు తెచ్చి ఒకటి కుడి వాలు మీద, ఒకటి ఎడమ వాలు మీద కుమ్మరించాడు. ధాతకీ పొదల కింది నుంచి నీళ్ళు మన్ను మోసుకుని ఎర్రగా దిగాయి. గడ్డిలో పోసిన నీళ్ళు చాలాసేపటికి గాని అడుగుకు రాలేదు, వచ్చినవి తేటగా ఉన్నాయి.

"సూసినావా బాబూ? పువ్వు సెట్టు మంచిదే. నేనే ఏసినాను గదా. కానీ వాలు మీద ముందు గడ్డి ఉండాల. గడ్డి మన్ను పట్టుకున్నాక మద్దిలో పువ్వు ఏసుకో. గడ్డి నేకపోతే ఏటి మిగుల్తాది?" అన్నాడు.

ఆయన ఓర్పును గురించి ఒక్క సంగతి చెబుతాను. పార్వతీపురం నుంచి నేను గులాబీ అంట్లు తెప్పించాను. మూడు నెలలు వాటిని పసిపిల్లల్ని సాకినట్టు సాకాడు. అయినా అవి బతకలేదు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. "తిట్టు బాబూ. అది ఈ మన్నుకి సుట్టం గాదు, ఎల్లిపోనాది" అని పార భుజాన వేసుకుని పనిలోకి పోయాడు. ఆ శాంతం నాకు అప్పుడు మొద్దుతనంగా కనిపించింది.

ఇంత చూసి, ఇంత విని, నేను రాసినదేమిటి? "కొండచీపురు గృహప్రాంగణములకు తగదు. ముఖద్వారమున చీపురును నిలుపుట మంగళప్రదము కాదు. ధాతకియే ఉద్యానములకు అలంకారము." ఇవీ నా పంక్తులు. చీపురును తలుపు వెనక దాచే ఇంట్లో పుట్టినవాణ్ణి. గుమ్మం ముందు చీపురు పెంచమంటే మైదానపు చదువరులు నవ్వుతారని భయపడ్డాను. కడవల నీళ్ళ సంగతి ఒక్క వాక్యమైనా రాయలేదు. రాస్తే ఒక కొండమనిషి దగ్గర నేర్చుకున్నానని ఒప్పుకోవలసి వస్తుంది.

పత్రిక వచ్చింది. బుద్రయ్యకు చదువు రాదు. "ఏటి రాసినావు, సదువు బాబూ" అంటూ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన భార్య సుక్రి కూడా పక్కన చేరింది. ధాతకి మీది పొగడ్తను ఉన్నదున్నట్టు చదివాను. గడ్డి దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం చూశాను. అచ్చులో లేని మాటలు అప్పటికప్పుడు కల్పించి చదివాను. వాలు నేలకు ముందు గడ్డి, తరువాతే పువ్వు. ఇది అరకు బుద్రయ్య చెప్పగా తెలిసింది అని. ఆయన సుక్రి వైపు తిరిగి, "నా పేరు కూడా ఏసినాడే!" అన్నాడు. ఆ పత్రికను నా దగ్గర అడిగి పుచ్చుకుని వెదురుగొట్టంలో దాచుకున్నాడు.

వైశాఖంలో బళ్ళు తనిఖీ చేసే అధికారి వచ్చారు. "మీ వ్యాసం చదివాను మాస్టారూ, చాలా బాగుంది. మరి మీ బడి ముందరే ఈ చీపురేమిటండీ? పీకించెయ్యండి. రెండు పక్కలా పూలే ఉండాలి" అన్నారు. నేను చిత్తమన్నాను. బుద్రయ్య పరుగున గుడిసెకు వెళ్ళి ఆ గొట్టం తెచ్చాడు.

"ఆగు బాబూ. గడ్డి ఉండాలని మేస్టరు బాబు దీన్లో రాసినాడు. నా పేరు కూడా ఉంది. సదువుకో."

అధికారి నవ్వి, నా పంక్తులు నా ఎదుటే పైకి చదివారు. "ఇందులో నీ పేరెక్కడా లేదోయ్" అన్నారు.

"నేదా?" అన్నాడు బుద్రయ్య. ఒక్కసారి నా వైపు చూశాడు. తిట్టలేదు. తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. మూడు రోజులు తన చేత్తోనే దుబ్బులన్నీ తవ్విపోశాడు. నాలుగు పిలకలు గుడిసె వెనక నాటుకుంటానని అడిగితే, అదీ బడి స్థలమే, కుదరదన్నాను. గుల్లబారిన మన్నులో జానెడు ధాతకీ మొక్కలు పెట్టించాను. ఆషాఢంలో వానలు పట్టాయి. తరువాతి సంగతి మొదటే చెప్పాను.

అధికారిగారు సంతాపం తెలుపుతూ ఉత్తరం రాశారు. పూలతోటకు బుద్రయ్య పేరు పెడితే శోభగా ఉంటుందట. ఆ ఉత్తరం చింపేశాను. అంతమాత్రాన నేను ఆ అధికారికంటే మంచివాణ్ణి కాను.

బుద్రయ్య పోయిన మూడోనాడు సుక్రి దగ్గరికి వెళ్ళాను. చుట్టాల ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"ఆడి గురించి రాత్తావంట గదా బాబూ?"

రాస్తానన్నాను.

"అయితే ఆ పొద్దు మా ఇద్దరికీ సదివి ఇనిపించినావు సూడు, అలగే రాయి. మాకు సదివింది ఒకటి, కాయితం మీద ఇంకోటి ఎట్టకు."

అలాగే రాస్తున్నాను. కొండవాలు మీద తోట వేసుకునేవారు ముందు గడ్డి నాటుకోవాలి. అది మన్ను పట్టాకనే మధ్యలో పువ్వు పెట్టుకోవాలి. నా పాత వ్యాసం నమ్మి గడ్డి పీకించినవారు ఈ వానల్లోనే తిరిగి నాటించండి. ఈ మాట చెప్పినవాడు కొర్రా బుద్రయ్య, నేను కాదు. ఆయనకు చేతులు జోడిస్తున్నాను. దుబ్బుకూ దుబ్బుకూ ఎంత ఎడం ఉండాలో, పొదను ఎన్నో ఏట పెట్టాలో కూడా రాద్దామని కలం ఎత్తాను. నాకు తెలియదు. ఆరేళ్ళు ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతూ ఆయన్ని నేను అడగనే లేదు.