ఫిల్ములో కనబడని పగులు

నా చివరి పోస్టింగు ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని విద్యార్థి కేడెట్ల యూనిట్. నవంబరు మొదటి సోమవారం, ఉదయం ఐదున్నరకు రిపోర్టు చేశాను. సన్నని మంచు. ఎర్ర మొరం మైదానం. తడిసినా బూటు మడమకు రాయిలా తగిలేది. అంతకుముందు మూడేళ్లు కొండ పోస్టులో నర్సింగ్ సహాయకుణ్ణి. ఇక్కడి సామగ్రి ఒక మంచం, ఒక బల్ల, రక్తపోటు యంత్రం, ‘కవాతు మినహాయింపు’ అని అచ్చువేసిన చీటీల కట్ట.

నేను భౌతికశాస్త్రం చదివి సైన్యంలో చేరినవాణ్ణి. కొలవనిదే నమ్మను. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకొని జ్వరం తెచ్చుకున్నామని గొప్పలు చెప్పిన జవాన్లను ఒకప్పుడు పట్టుకున్నాను. ఉల్లిగడ్డతో జ్వరం రాదు. వాళ్లు థర్మామీటరును టీ గ్లాసులో ముంచారు. అప్పటినుంచి నా నియమం ఒకటే: ఆధారం లేనిదే చీటీ లేదు.

ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతుకు తుది ఎంపిక మూడు వారాల్లో ఉంది. డ్రిల్ హవల్దార్ నేలమీద సున్నంతో గీతలు గీయించాడు. గీతకూ గీతకూ మధ్య ముప్పై అంగుళాలు, ఒక్కో అంగకు ఒక గీత. బీఎస్సీ రెండో సంవత్సరం కేడెట్ ఎస్తేర్ వరుసలో అందరికంటే పొట్టి. గీతను అందుకోవడానికి కాలిని తుంటి నుంచి విసిరేది. రోజుకు నాలుగు గంటలు.

పదో రోజు కుంటుతూ నా గదికి వచ్చింది.

“సార్, గజ్జల్ల నొస్తున్నది. మడమ కొట్టినప్పుడల్లా లోపట పొడిచినట్టయితది.”

వెనకే వచ్చిన హవల్దార్ నవ్వాడు. “ఏందమ్మా, గీత దూరమైతే నొప్పి దగ్గరైందా? ఢిల్లీ పోతవా, హాస్టల్ల పంటవా?”

“పోతా సార్. రెండు దినాలు ఆగనిస్తే చాలు.”

పడుకోబెట్టి, మోకాలు వంచి, కాలిని లోపలికి తిప్పాను. మంచం పట్టీని గట్టిగా పట్టుకుంది. అరవలేదు. దగ్గర్లోని తార్నాక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించాను. ఫిల్ములో ఏమీ లేదు.

“ఎముక బాగుంది. కండరం పట్టింది. బిళ్ల వేసుకొని మైదానంలోకి దిగు,” అన్నాను. చీటీ రాయలేదు.

ఒత్తిడి వల్ల ఎముకలో వచ్చే సన్నని పగులు తొలి వారాల్లో ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. ఇది నాకు తెలియనిది కాదు, శిక్షణలో చదివాను. పగులు కనబడలేదని చెప్పడానికే నా దగ్గర ఆధారం ఉంది, లేదని చెప్పడానికి కాదు. అందరి మాటలనూ పరీక్షించిన నేను ఆ ఒక్క పూట నా మాటను పరీక్షించలేదు.

నాలుగో రోజు, ఆరూ నలభైకి ఫోను మోగింది. హవల్దార్.

“సాబ్, ఎస్తేర్ పడ్డది. లేస్తలేదు. జల్ది రా.”

కుడి కాలు పొట్టిదైనట్టుంది. పాదం బయటికి వాలిపోయింది. హవల్దార్, నేను కలిసి స్ట్రెచర్ మీదికి ఎత్తాం.

మధ్యాహ్నం ఆపరేషన్. మూడు స్క్రూలు. సర్జన్ నన్ను పక్కకు పిలిచాడు.

“తొడ ఎముక మెడ విరిగిందయ్యా. నొప్పి చెప్పిననాడే బరువు ఆపి, ఎమ్మారై చేయిస్తే పగులు దగ్గరే ఆగేదేమో.”

“ఇప్పుడు?”

“ఎముక పైనున్న బంతికి రక్తం అందుతదో లేదో రెండేళ్లు చూడాలె. అందకపోతే తుంటి మార్చాలె.”

ఆమెకు పంతొమ్మిదేళ్లు. సర్జన్ ‘ఏమో’ అన్నాడు. ఆ మాట చాటున దాక్కోవడానికి నా చదువు ఒప్పుకోదు. ఆమె అడిగిన రెండు రోజులు ఎముకకు చాలవు, నిజమే. కాని ఆ చీటీ రాసి ఉంటే, నొప్పి ఎందుకు తగ్గలేదని మళ్లీ అడగవలసి వచ్చేది. ఢిల్లీ అవకాశం చేజారినా తుంటి దక్కేది.

ఫిబ్రవరి ఆఖరున పదవీ విరమణ చేసి వరంగల్లులో ఇంటికి వచ్చేశాను. సర్జన్ చెప్పిన రెండేళ్లు ఇంకా నిండలేదు. నన్ను వదలనిది బయలుదేరిన రోజు మధ్యాహ్నం. క్షమాపణ చెప్పాలని హాస్టల్ సందర్శకుల గదికి వెళ్లాను. యూనిఫాం చూడగానే ఎస్తేర్ చంకకర్రలు గోడకు వదిలేసి లేచింది. ఎడమ కాలి మీదే. కుడి వేళ్లు నేలను తాకీ తాకనట్టున్నాయి. చేతులు పక్కలకు, చూపు సూటిగా, సావధాన్.

“జై హింద్ సార్.”

‘విశ్రామ్’ అని ఆజ్ఞ ఇవ్వాల్సింది నేనే, వెంటనే ఇవ్వలేదు. ఇచ్చేదాకా ఆమె ఆ ఒంటికాలి మీద కదలకుండా నిలబడే ఉంది.