వేరు పొయ్యి

రోడ్డు వెడల్పుకు సర్వే వాళ్ళు వస్తున్నారనగానే, టైలరక్క రాత్రికి రాత్రే తన గదిలో వేరే పొయ్యి పెట్టిందని వీధంతా చెప్పుకున్నారు. ఇంకో ఇంటికి ఆశపడి అన్న కొంప చీల్చిందట. "కుట్టుకు బతికే మనిషి చింపడం ఎప్పుడు నేర్చిందో," అన్నాడు కిరాణా కొట్టాయన.

సంగతేమిటంటే, కూలగొట్టే ఇళ్ళకు బదులుగా కుటుంబానికొక కొత్త ఇల్లు ఇస్తారు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఒక కుటుంబమని సర్వే కాగితం లెక్క. టైలరక్క ఉండేది అన్న ఇంటి వెనక గదిలో. ఒక మిషను, ఒక మంచం, కిటికీ కింద ఒక కిరోసిన్ స్టవ్వు.

సర్వే అమ్మాయిని అన్న వాకిట్లోనే నిలబెట్టి చెప్పేశాడు.

"మాది ఒకటే పొయ్యమ్మా. అందరం కలిసే తింటాం."

"మీ చెల్లెలుగారు కూడానా?"

"తనెక్కడికి పోతుంది? ఆ మిషను చప్పుడు లేందే మాకు తెల్లారదు," అని వదిన నవ్వింది.

వాకిట్లోనే ఓ పక్కన కూర్చున్న టైలరక్క చేతిలోని చొక్కా కాలరు మీద నుంచి చూపు తిప్పలేదు. ఊ అంటే, కొత్త ఇంటి రెండు గదుల్లో అన్న, వదిన, ఎదిగిన ఇద్దరు మేనల్లుళ్ళు పోను, ఆమె మిషనుకు చోటుండదు. కాదంటే అన్న పరువు వీధిన పడుతుంది.

అమ్మాయి పెన్ను కాగితం మీద పెట్టింది.

"ఉండమ్మా," అంది టైలరక్క. "లోపలికొచ్చి చూడు."

కిటికీ పక్క గోడ పొగకు మనిషెత్తున నల్లబడి ఉంది. అమ్మాయి వేలితో రుద్దింది. మసి అంటలేదు, సున్నంలోకి ఎప్పుడో ఇంకిపోయింది. మేకుల మీద బోర్లించిన గిన్నెలు రెండు, కంచం ఒకటే.

"ఎన్నాళ్ళ నుంచక్కా?"

గొంతు తగ్గించి చెప్పింది. అమ్మాయి కొత్త కాగితం తీసి రాసుకుంది. కుటుంబ సభ్యులు, ఒకరు.

గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. "అడిగితే మేం పెట్టమా?"

"పెడతారన్నయ్యా. ఎవరో ఒకరు పిలవాలి కదా."

ఆ రోజు నుంచి వదిన మాట మానేసింది. వీధి మాత్రం ఆ లోటు తీర్చింది.

టైలరక్క ఆ స్టవ్వు కొన్నది వాళ్ళమ్మ పోయిన నెలలో. సర్వేకు పదకొండేళ్ళ ముందు.