పోలికలు వద్దన్న పిన్నిగారు

2000వ సంవత్సరం. కంప్యూటర్ ఉద్యోగాలకు మన కుర్రాళ్లు సింగపూర్‌లో విమానాల నిండా దిగుతున్న రోజులు. వాళ్లను చూడవచ్చే తల్లిదండ్రులకు ఇక్కడి వంటలు రుచి చూపించడం నా పని. దీన్ని ఫుడ్ ట్రెయిల్ అంటారు. ఒక పూటలో నాలుగైదు చోట్ల ఆగి, చోటుకొక రకం తినిపించాలి. "చరిత్రలో ఎం.ఏ. చేసి తిండి చూపిస్తావా?" అని మావాళ్లు ఎగతాళి చేసేవారు. తిండి లేకుండా ఏ చరిత్ర నడిచిందో చెప్పమనేదాన్ని.

ఈ పనిలో ఒక కిటుకుంది. కొత్త తిండి చూసి మనవాళ్లు ముఖం చిట్లించగానే ఇంటి తిండితో పోలిక చెప్పాలి. ఇది మన పులుసు, అది మన అట్టు అంటే సగం బెరుకు పోతుంది. నేనందులో ఆరితేరాను.

బుకిట్ బటోక్‌లో ఉండే కిరణ్ అనే ప్రోగ్రామర్ ఒకరోజు ఫోన్ చేశాడు. "ఆంటీ, అమ్మకి నాలుక క్యాన్సర్. ట్రీట్‌మెంట్‌కని తణుకు నుంచి తీసుకొచ్చాను. సోమవారం సర్జరీ. నాలుక దాదాపు మొత్తం తీసేస్తారట. ఈలోగా ఈ ఊరి తిండి తినాలంటోంది. కారం లేనివి, మెత్తనివి చూసి పెట్టండి ప్లీజ్."

ఆమె పేరు వరలక్ష్మి. మొదట హాకర్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఒకే కప్పు కింద వరసగా తిండి కొట్లుండే చోటది. బియ్యప్పిండిలో తాటిబెల్లం పెట్టి ఆవిరి మీద ఉడికించే మలయ్ పిండివంట తెచ్చి, "మన కుడుమేనండీ పిన్నిగారూ" అన్నాను.

ఆమె చెంచా కింద పెట్టేశారు. "కుడుమైతే నాకెందుకమ్మాయ్? పెళ్లయిన దగ్గర్నుంచీ నేను వండిందే నేను తిన్నా. ఆ రుచులు తలలో ఉన్నాయి, నాలుక కోసినా పోవు. నాకు తెలీనిది పెట్టు." మాట ముద్దగా వస్తోంది గానీ కోపం స్పష్టంగానే ఉంది.

"మిగతావన్నీ కారాలే, నోరు మండుతుందండీ. మీ అబ్బాయి నన్ను తిడతాడు."

"మండేది నా నోరు. తిట్లు నువ్వు పడు."

నన్ను వాదనలో నెగ్గినవాళ్లు తక్కువ, ఆవిడ నెగ్గారు. టాక్సీ ఎక్కించి కాటాంగ్‌లో ఒక పెరనకన్ హోటల్‌కు తీసుకెళ్లాను. మలయ్ స్త్రీలను పెళ్లాడి ఇక్కడే స్థిరపడిన చైనా వర్తకుల సంతతిని పెరనకన్లంటారు. వాళ్ల కోడికూరలో బువా కెలువాక్ అనే నల్ల గింజ వేస్తారు. పచ్చిది విషం. రోజుల తరబడి నానబెట్టాకే వండుతారు. లోపలి నల్లటి గుజ్జును చిన్న చెంచాతో తవ్వుకు తినాలి.

గుజ్జు నోట్లో పెట్టుకున్నారు. కళ్లమ్మట నీళ్లు కారాయి. మింగడానికి చాలాసేపు పట్టింది.

"ఇది మన..." అన్నాను అలవాటుగా.

"నోర్ముయ్" అన్నారు. గిన్నెలో గింజలన్నీ ఖాళీ చేశారు. బయటికొచ్చాక, "దీన్ని దేనితోనూ కలపకమ్మాయ్. దీన్ని దీనిలాగే ఉండనీ" అన్నారు. ఆ గొంతు నేను వినడం అదే ఆఖరు.

ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రికి వెళ్లాను. ముక్కులో గొట్టం, గొంతుకు కట్టు. పక్కనే కిరణ్.

"ఆ రోజు ఇంటికొచ్చాక ఏం తిన్నావమ్మా అని కూడా అడగలేదు ఆంటీ. ఆఫీసు పనిలో కూర్చున్నా. ఇప్పుడెలా చెబుతుంది? మీరైనా చెప్పండి, అమ్మ చివరగా తిన్నది ఎలా ఉంటుంది?"

చేదుగా ఉంటుందన్నాను. ఆమె వేలు అడ్డంగా ఊపారు. మట్టి వాసన వేస్తుందన్నాను. మళ్లీ వేలు. మాడిన పప్పులా అనబోయాను. వేలు గట్టిగా ఊగింది.

"నా వల్ల కాదు గానీ, నువ్వే కాటాంగ్ వెళ్లి ఆ గింజ తిని రా నాయనా" అన్నాను.

మర్నాడు నేనక్కడ ఉండగానే అతను కాటాంగ్ నుంచి నేరుగా వచ్చాడు. ఆమె కళ్లు కొడుకు ముఖం మీదే.

"అమ్మా, అదీ..." మాట కోసం వెతుక్కున్నాడు. "ఏమో అమ్మా. చెప్పలేను."

ఈసారి వేలు కదల్లేదు. గడ్డం పట్టుకుని కొడుకును దగ్గరికి లాక్కుని, అతని నోటి వాసన చూశారు. ముక్కులో గొట్టంతో ఏం తెలిసిందో నాకు తెలియదు. చాలాసేపు వదల్లేదు.

ఆ ఏడు తిరక్కుండానే పోయారావిడ.

అప్పట్నుంచి నేను పోలికలు చెప్పను. దేనిలా ఉంటుందని అడిగితే ముందు తినమంటాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఆ ఒక్క ముద్దయినా వాళ్ల సొంతం కావాలి.