రెండో వరుసలోని పేరు

మొన్న జగిత్యాలలో కళ్ల డాక్టరు నన్ను తిట్టాడు. "తాతా, ఫోన్ సూసుడు బంద్ చెయ్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చూస్తానని నేనడిగానా? పింఛను పడిందా అంటే ఫోన్ చూసుకో, కరెంటు బిల్లెంత అంటే ఫోన్ చూసుకో. పెండ్లి పత్రిక కూడా ఫోన్లోకే తోసి, నేను పోకపోతే అలిగేది మళ్లీ వాళ్లే. మన చేతుల్లోంచి కాగితం లాక్కున్నవాళ్లను ఎవరూ ఏమీ అనరు, తిట్లు మాత్రం నాకు. కాగితం తన మానాన తాను ఊరుకుంటుంది, వెలుతురు ఎటుంటే అటు తిప్పుకుంటాం. ఈ తెర మొహమ్మీద లైటు కొట్టి చదవమంటుంది. దొంగ దొరికితే పోలీసు కూడా అంతసేపు లైటు కొట్టడు.

తెరతో నా పగ ఈనాటిది కాదు. తెలంగాణ కొట్లాట జోరుమీదున్నప్పుడు సిరిసిల్లలో మొదలైంది.

అప్పుడు సిరిసిల్ల మొత్తానికి పేపరు చదివి వినిపించేది నేనే. నా నోట వార్త రానిదే సాంచాలు, అదే, మరమగ్గాలు నడిచేవి కావు. సరే, సిరిసిల్ల మొత్తం కాదు, ఒక చాయ్ హోటలు. వినేవాళ్లు పన్నెండు మంది, అందులో రాత్రి పాళీ దిగొచ్చి బెంచీమీదే కునుకు తీసేవాళ్లు ముగ్గురు. అయినా అక్కడ ఒక కట్టు ఉండేది. నేను చదివి మడతపెట్టేదాకా పేపరును ఇంకొకరు ముట్టకూడదు. కిటికీ పక్క కుర్చీ నాది. ఢిల్లీలో మంత్రులు మన గురించి అన్నం మానేసి కూర్చున్నారని నేను చదివితే, చాయ్ గ్లాసులు చేతుల్లోనే ఆగిపోయేవి.

ఒకసారి బంద్ మూడు రోజులు సాగింది. రోడ్లన్నీ రాస్తారోకోలు, పేపరు బండి రాలేదు. హోటలాయన బిడ్డ కొడిమ్యాల దిక్కు ఇంజనీరింగ్ చదివేది. కాలేజీ మూసేస్తే ఇంటికొచ్చి ఉంది. రెండో రోజు తన లాప్‌టాప్‌లో పేపరు దించి తెచ్చి నా ముందు పెట్టింది. కుర్చీ నాది గనుక చదవాల్సింది నేనే.

చూస్తే ఏముంది, తెరనిండా ఆవాలు పోసినట్టున్నాయి. ఒక వరుస పట్టుకుంటే పక్క వరుస వచ్చి కలుస్తుంది, పడుగు పోగులు చిక్కుపడ్డట్టు. "తాతా, గీ మీట ఒత్తితే అక్షరాలు పెద్దగైతయ్" అన్నది ఆ పిల్ల. యాభై ఏళ్లుగా చదువుతున్నవాడికి చదువు నేర్పుతుందా అని విననట్టే ఉన్నాను. కళ్లు మండి నీళ్లు ధారగా కారాయి. పెద్దయ్యకు తెలంగాణంటే పానమని హోటలాయన గొంతు తగ్గించి అందరికీ చెప్పాడు. నేను కాదనలేదు. తువ్వాలతో తుడుచుకుని ఇంకో చాయ్ తాగాను.

అప్పుడే సాంచాల మీద పనిచేసే ఒకతను ముందుకొచ్చాడు. అతని తమ్ముడు అత్తగారి ఊరు కోరుట్లకు పోయి రాస్తారోకోలో కూర్చున్నాడు. పోలీసులు చాలామందిని ఎత్తుకుపోయారని కబురొచ్చింది గానీ, తమ్ముడు అందులో ఉన్నాడో తప్పించుకున్నాడో తెలియదు. ఆ తమ్ముడికి ఆయాసం. మందుబిళ్లలు ఇంట్లోనే మరిచిపోయాడు.

"పెద్దయ్యా, జగిత్యాల జైలుకు పంపినోళ్ల పేర్లు ఏసిండ్రట. మా తమ్మునిది ఉన్నదా సూడుండ్రి."

తెరమీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాను. నాకు కనిపించింది నా వేలొక్కటే.

"లేదు" అన్నాను.

జైల్లో లేకపోతే అత్తగారింట్లో దాక్కుని ఉంటాడని, అతను బిళ్లలు తువ్వాలలో మూటగట్టి, బస్సుల్లేవు గనుక సైకిలు మీద కోరుట్ల తోవ పట్టాడు.

నాలుగో రోజు బంద్ సడలి, ఆగిన పేపర్లన్నీ కట్టగా వచ్చాయి. ఆ పొద్దునే అన్నదమ్ములిద్దరూ హోటలుకు వచ్చారు. తమ్ముడు జగిత్యాల జైల్లోనే ఉన్నాడు. అన్న కోరుట్ల పోయి, అక్కడ సంగతి తెలిసి, మళ్లీ జగిత్యాలకు తొక్కేసరికి ఇంకో రాత్రి గడిచింది. ఆ రాత్రంతా తమ్ముడు పడుకోలేక, గోడకు ఆనుకుని ఊపిరి కోసం పెనుగులాడాడట. తెల్లారి అన్న పోయాకే వదిలిపెట్టారట. ఇప్పుడు కూడా మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు. ఎవరూ ఏమీ అనకముందే నేను లాప్‌టాప్ మీద విరుచుకుపడ్డాను. కళ్లు తోడేసే పెట్టె అన్నాను, మనుషుల పేర్లు మింగే పెట్టె అన్నాను.

అన్న నిమ్మళంగా కట్టలోంచి ఆ పేర్లు పడ్డనాటి పేపరు తీసి నా ముందు పరిచాడు.

"ఇది కాయిదమే గదా పెద్దయ్యా. మా తమ్ముని పేరు పేపర్ల పడ్డది. పదిమందిల మీ నోట ఇనాలె."

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు. కాగితాన్ని కిటికీ వైపు తిప్పాను, దూరం పెట్టాను, దగ్గర పెట్టాను. మళ్లీ అవే ఆవాలు. అతని పేరు నాకు తెలిసిందే, చదివినట్టు నటించి అనేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్లవాడి ఊపిరి నా చెవి పక్కనే పిల్లికూతలు పెడుతోంది.

"నాకు కనిపిస్తలేదురా" అన్నాను. "ఏడాదాయె. పెద్దక్షరాలు సదివి, కింది ముచ్చటంత నేనే అల్లిన."

"మరి ఢిల్లీల మంత్రులు అన్నం తినలేదన్నది?" అని బెంచీమీంచి ఒకరు లేచి కూర్చున్నారు.

"తిన్నరో లేదో నాకేమెరుక."

"ఆ దినం కన్నీళ్లు గూడ అల్లినయేనా?"

"అవి లైటుకచ్చినయ్."

తమ్ముడే వంగి పేపరు మీద వేలు పెట్టాడు. "గీడున్న పెద్దయ్యా, రెండో వరుసల" అని, తన పేరు తనే ఆగి ఆగి చదువుకున్నాడు. అప్పుడు నా కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. ఎదురుగా తెర లేదు, లైటూ లేదు. ఎవరూ నమ్మలేదు. ఎట్లా నమ్ముతారు?

ఆ తర్వాత రెండు కళ్లకూ పొర తీయించుకున్నాను. ఇప్పుడు పేపరు చిన్నక్షరాలతో సహా చదువుతాను, ఒక్క ముక్క అల్లను. ఫోన్ చూస్తే మాత్రం పావుగంటకే కళ్లు మండుతాయి. ఈసారి తప్పు దానిదే, ఎవరిమీదైనా ఒట్టేస్తాను. ఆ మాటే డాక్టరుకు చెప్పి, మందుల చీటీ రాసిమ్మన్నాను.

"ఫోన్‌కు పంపిన తాతా, సూస్కో" అన్నాడు.