జతగాడి వంత

పొందూరులో మా వీధికి ఏటా కోతలయ్యాక ఇద్దరు పాటగాళ్ళు వచ్చేవారు. ఊరూరా తిరిగే మనుషులు. ఒకడు తంబురా మీటుతూ చరణం ఎత్తుకుంటే, రెండోవాడు గుమ్మెట వాయిస్తూ వంత పాడేవాడు. నిరుడు తంబురావాడొక్కడే వచ్చాడు. గుమ్మెట మాత్రం అతని భుజాన వేలాడుతోంది. వాయించనిది ఎందుకు మోస్తున్నట్టు?

నేను పాలవాడి చెంబులో వేలు ముంచి చూసే రకం. "మీ అనుమానం పాడుగాను, దేవుడొచ్చినా ఆధార్ కార్డు అడుగుతారు" అంటుంది మా ఆవిడ.

అతను మా అరుగు మీద కూర్చుని ఎత్తుకున్నాడు.

"పొద్దుగూకిపోనాది జతగాడా, పొయ్యేడ పెడదాము?"

అని ఆగిపోయాడు. కళ్ళు మాత్రం మా పెరటి తలుపు దాకా, వీధి చివరి దాకా తిరిగాయి. కాసేపాగి ఇంకో చరణం పాడాడు, మళ్ళీ ఆగాడు. నేను ఫోనులో రికార్డు చేసుకుంటున్నానని కావాలనే వంత దాస్తున్నాడనుకున్నాను.

"మధ్యలోది ఏదయ్యా?" అన్నాను.

"అది నా జతగాడిది బాబూ. నౌపడ టేసన్లో నీళ్ళకని దిగినాడు, రైలెల్లిపోనాది. అప్పట్నుంచి ఎతుకుతన్నాను. ఏ సందులో ఉన్నా నా పాట ఇంటే అందుకుంటాడని ఖాళీ వదుల్తన్నాను."

"పోనీ, అదీ నువ్వే పాడు."

"తప్పు బాబూ. జతగాడు సచ్చిపోతేనే మాలో ఇంకొకరు వంత అందుకుంటారు. ఆడు బతికే ఉన్నాడు."

నమ్మానా? లేదు. ఈ రోజుల్లో ఫోను లేనివాడెవడు? కథ బాగానే అల్లాడనుకున్నాను. పైగా జీవితమంతా పిల్లలకు సంగీతం చెప్పిన పొగరొకటి నాకు. అబద్ధమైతే ఎవరు అందుకున్నా పాడుకుంటూ పోతాడు, ఇప్పుడే బయటపడుతుందని, అతను మొదటి చరణం మళ్ళీ పాడి ఆగగానే, ఏటా విన్న వంతే కనక నేనే అందుకున్నాను.

"ఏటిగట్టున పెడదాము జతగాడా, ఎన్నెలొచ్చినాది."

వరస అచ్చంగా కుదిరింది. అతను చటుక్కున వీధి వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోయింది. వీధిలో ఎవరూ లేరు. అప్పుడు నా వైపు చూశాడు.

తిట్టినా బాగుండేది. గుమ్మెట భుజం మీంచి తీసి, తువ్వాలుతో తుడిచి, నా పక్కన పెట్టాడు.

"వంత పాడినోడిదే గుమ్మెట. ఇంక ఇది మీదే బాబూ."

"అయ్యయ్యో, నేనేదో సరదాకి..."

"సెప్పినాను కదా బాబూ" అన్నాడు మెల్లగా, తంబురా అందుకుని లేస్తూ.

సిగ్గుతో చచ్చిపోయాను. గుమ్మెట చంకలో పెట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా అతని వెనకాల పరుగెత్తాను. సందు మలుపు దగ్గర అతని పాట వినపడింది. ఒక చరణం అయీ కాగానే ఇంకోటి ఎత్తుకుంటున్నాడు. మధ్యలో ఎక్కడా ఆగడం లేదు.